ఫోటో మార్చాక పాత ముఖం ఎక్కడ మిగిలిపోతుంది

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకునే తెలుగువారి దగ్గర ఇవాళ రెండు మూడు పరికరాలు ఉండటం మామూలైపోయింది. సొంత ఫోను ఒకటి, కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, ఇంట్లో ట్యాబో పాత కంప్యూటరో మరొకటి. వీటన్నిటిలోనూ ఖాతా పేరు పక్కన చిన్న గుండ్రటి చట్రంలో ఒక ముఖం కనిపిస్తుంది. ఆ ఫోటోను ఫోన్‌లో మార్చిన రోజున ఫోన్‌లో కొత్తది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాతది, అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న అమ్మ ఫోన్‌లో అంతకన్నా పాతది కనిపించడం చాలామందికి అనుభవమే. మార్పు సరిగ్గా జరగలేదేమోనన్న అనుమానంతో అదే ఫోటోను మళ్లీ మళ్లీ ఎక్కించేవారు ఎందరో ఉన్నారు. నిజానికి చాలా సందర్భాల్లో మార్పు మొదటిసారే జరిగిపోయి ఉంటుంది. మారనిది ఖాతాలోని అసలు ఫోటో కాదు, దాని నకళ్లలో ఏదో ఒకటి. ఆ నకలు ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడంలోనే ఈ సమస్యకు పరిష్కారమంతా ఉంది.

ప్రొఫైల్ ఫోటో పరికరానికి చెందినది కాదు, ఖాతాకు చెందినది. ఫోన్ గ్యాలరీలోంచి ఒక ఫోటోను ఎంచుకుని గూగుల్ ఖాతాలో పెట్టినప్పుడు, దాని ప్రతి ఒకటి కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అక్కడితో గ్యాలరీకీ దానికీ సంబంధం తెగిపోతుంది. తర్వాత గ్యాలరీలోని ఫోటోను తొలగించినా, ఫోనే మార్చేసినా ఖాతాలోని ఫోటోకు ఏమీ కాదు. అందువల్ల ఫోటోను ఏ పరికరం నుంచి మార్చినా ఫలితం ఒకటే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగం నుంచి, ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ నుంచి, కంప్యూటర్‌లో బ్రౌజర్ నుంచి మొదలుపెట్టినా, చివరికి చేరేది ఖాతాలోని 'వ్యక్తిగత సమాచారం' అనే పేజీకే. ఒక్కో పరికరంలో విడివిడిగా మార్చాలన్న భావన మొదటి పొరపాటు. అలా ప్రతిచోటా మార్చుకుంటూ పోతే, ఏ ప్రయత్నం పనిచేసిందో ఏది చేయలేదో తెలియని గందరగోళం మిగులుతుంది.

సర్వర్‌కు చేరిన ఫోటో అక్కడ ఒక్కటిగా ఉండిపోదు. జాబితాలో వేలిగోరంత కనిపించడానికి ఒక కొలత, ప్రొఫైల్ పేజీలో పెద్దదిగా కనిపించడానికి మరో కొలత అవసరం కాబట్టి ఒకే ఫోటోకు పలు కొలతల ప్రతులు తయారవుతాయి. ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ ఫోటో నిల్వ వ్యవస్థ 'హేస్టాక్' గురించి 2010లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, అప్పటికి తమ వినియోగదారులు 6,500 కోట్ల ఫోటోలు ఎక్కించారని, ఒక్కో ఫోటోకు నాలుగు కొలతల చొప్పున తాము దాచవలసినవి 26,000 కోట్ల చిత్రాలయ్యాయని రాశారు. అదే పత్రంలో ఇక్కడ పనికొచ్చే మరో మాట కూడా ఉంది. జనం అతి ఎక్కువగా చూసేవి ప్రొఫైల్ ఫోటోలు, కొత్తగా ఎక్కించిన ఫోటోలు అని, వాటిని వినియోగదారులకు దగ్గరలో ఉన్న సర్వర్ల నుంచి అందించే పద్ధతి బాగా పనిచేస్తుందని వారు గమనించారు. ఎంత ఎక్కువమంది చూస్తే అన్ని చోట్ల నకళ్లు పేరుకుంటాయి. ఎన్ని చోట్ల నకళ్లు ఉంటే, పాతది పూర్తిగా పోవడానికి అంత సమయం పడుతుంది. ముఖానికి సంబంధించిన ఫోటోయే అన్నిటికన్నా ఆలస్యంగా మారినట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే.

నకలు తీసుకునేది దారిలోని సర్వర్లు మాత్రమే కాదు. చూసేవారి ఫోను, వారి బ్రౌజరు, వారి యాప్ కూడా ఒక్కో ప్రతిని తమ దగ్గర దాచుకుంటాయి. ఈ దాచుకునే చోటునే కాష్ అంటారు. బొమ్మను పంపించేటప్పుడే సర్వర్ దానితోపాటు ఒక గడువును కూడా చెప్పవచ్చు. ఆ గడువు సెకన్లలో ఉంటుంది. 86,400 అని ఉంటే, ఒక రోజుపాటు ఈ బొమ్మను మళ్లీ అడగనక్కరలేదని అర్థం. ఆ రోజంతా బ్రౌజర్ తన దగ్గరున్న ప్రతినే చూపిస్తుంది, సర్వర్‌ను పలకరించదు. ఇందులో తప్పేమీ లేదు. వంద మంది ఉన్న ఆఫీసు గ్రూపును తెరిచిన ప్రతిసారీ వంద ముఖాలనూ కొత్తగా తెప్పించుకుంటే డేటా ఖర్చూ పెరుగుతుంది, తెర నింపడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. మెట్రోలోనో బస్సులోనో సిగ్నల్ సన్నగిల్లినప్పుడు కూడా పేర్ల పక్కన ముఖాలు కనిపిస్తున్నాయంటే అది కాష్ పుణ్యమే.

ఈ ఆలస్యాన్ని తగ్గించే ఉపాయం కూడా ఒకటి వాడుకలో ఉంది. ఫోటో మారినప్పుడల్లా దాని వెబ్ చిరునామాను కూడా మార్చేయడం ఆ ఉపాయం. చిరునామా కొత్తది కాబట్టి ఎవరి కాష్‌లోనూ ఆ పేరుతో ప్రతి ఉండదు, అడిగినవారికి కొత్త ఫోటోయే వస్తుంది. అయితే ఆ కొత్త చిరునామా తెలియాలంటే యాప్ ఒకసారి ఖాతా వివరాలను తాజాగా తెచ్చుకోవాలి. కొన్ని యాప్‌లు తెరిచిన ప్రతిసారీ తెచ్చుకుంటాయి. కొన్ని రోజుకొకసారి తెచ్చుకుంటాయి. ఆఫీసు కంప్యూటర్లలో రోజుల తరబడి మూయకుండా నడిచే సాఫ్ట్‌వేర్‌లో పాత ముఖం మొండిగా నిలిచిపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

పెద్ద కంపెనీలు ఈ ఆలస్యాన్ని తెలిసే ఒప్పుకున్నాయి. ప్రపంచమంతటా పరచుకున్న సర్వర్ల మధ్య సంబంధం తెగిన సమయంలో, అన్నిచోట్లా ఒకే సమాచారం చూపడం, అడిగిన ప్రతివారికీ జవాబివ్వడం అనే రెండూ కలిసి సాధ్యం కావని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూయర్ 2000లో ప్రతిపాదించారు. 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దాన్ని గణితపరంగా నిరూపించారు. అప్పటి నుంచి, దేనికి ఆలస్యం ఫరవాలేదో దేనికి కుదరదో ముందుగా నిర్ణయించుకుని వ్యవస్థలను కట్టడం అలవాటైంది. బ్యాంకు ఖాతాలోని నిల్వ ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కనిపించకూడదు. ముఖచిత్రం కొంతసేపు పాతదిగా కనిపిస్తే నష్టం లేదు. ఈ నిర్ణయం సమంజసమైనదే. కానీ ఆ విషయాన్ని వినియోగదారుకు తెరమీద ఒక్క వాక్యంలో చెప్పకపోవడం మాత్రం సమంజసం కాదు. మార్పు పూర్తయిందని, మిగతాచోట్ల కనిపించడానికి కొంత సమయం పడుతుందని స్పష్టంగా రాస్తే, ఒకే ఫోటోను నాలుగుసార్లు ఎక్కించే శ్రమ తప్పుతుంది.

ఏ నకలు పాతదో కనుక్కోవడం

నకలు ఎక్కడుందో తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఫోటో పాతదిగా కనిపిస్తున్న కంప్యూటర్‌లోనే బ్రౌజర్‌ను అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) మోడ్‌లో తెరిచి, అదే ఖాతాలోకి ప్రవేశించి చూడాలి. అజ్ఞాత మోడ్ అంతకుముందు దాచుకున్న ప్రతులను వాడదు. అక్కడ కొత్త ఫోటో కనిపిస్తే ఖాతాలో మార్పు జరిగిపోయిందని, ఆ పరికరంలోనో ఆ యాప్‌లోనో పాత ప్రతి మిగిలి ఉందని అర్థం. అప్పుడు యాప్‌ను పూర్తిగా మూసి తెరవడం, ఖాతా నుంచి నిష్క్రమించి మళ్లీ ప్రవేశించడం, కాష్ తొలగించడం వంటివి పనిచేస్తాయి. అజ్ఞాత మోడ్‌లో కూడా పాత ఫోటోయే ఉంటే, సర్వర్ల వైపు ఇంకా సమయం పట్టవచ్చు, లేదా మార్చింది వేరే ఖాతాలో కావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రతి యాప్‌కూ కాష్‌ను తొలగించే బటన్, స్టోరేజ్ లేదా డేటాను తొలగించే బటన్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిదానితో పోయేవి తాత్కాలిక ప్రతులే. రెండోది నొక్కితే ఆ యాప్ అప్పుడే కొత్తగా వేసుకున్న స్థితికి వెళ్లిపోతుంది. వాట్సాప్ సంభాషణలు ఫోన్‌లోనే నిల్వ ఉంటాయి కాబట్టి, బ్యాకప్ లేకుండా రెండో బటన్ నొక్కినవారు ఒక ఫోటో కోసం ఏళ్లనాటి సంభాషణలను పోగొట్టుకుంటారు. పెద్దవాళ్ల ఫోన్‌ను దూరం నుంచి ఫోన్‌లో చెప్పి బాగుచేయించేటప్పుడు ఈ రెండు బటన్ల తేడాను తప్పక వివరించాలి.

వేరే ఖాతాలో మార్చడం అనేది అనుకున్నంత అరుదైన పొరపాటు కాదు. ఒకే ఆండ్రాయిడ్ ఫోన్‌లో సొంత జీమెయిల్, కంపెనీ ఖాతా, కాలేజీ రోజుల పాత ఖాతా కలిసి ఉండటం సాధారణం. యాప్ తెరిచినప్పుడు పైన కుడిమూల కనిపించే ముఖం ఆ క్షణంలో పనిచేస్తున్న ఖాతాది మాత్రమే. కాబట్టి మార్చేముందు ఆ వృత్తాన్ని తాకి, పేరును కాక, కింద ఉన్న ఈమెయిల్ చిరునామాను చదవాలి. మూడు ఖాతాల్లోనూ పేరు ఒకటే ఉంటుంది గనుక పేరు ఆ తేడాను పట్టివ్వదు.

ఫోటో లేని ఖాతాకు రంగు వృత్తంలో పేరులోని మొదటి అక్షరం కనిపిస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫారంలో ఇంటిపేరును మొదటి గడిలో నింపినవారికి వృత్తంలో ఇంటిపేరు అక్షరమే వస్తుంది, ఎవరూ పిలవని ఆ అక్షరంతోనే ఆఫీసు జాబితాల్లో వారు తిరుగుతుంటారు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు, వదినా మరదళ్లు ఒకే గ్రూపులో ఉంటే అందరి వృత్తాల్లోనూ ఒకే అక్షరం. ఇలాంటి కుటుంబాలకు ఫోటో అలంకారం కాదు, మనిషిని గుర్తుపట్టే ఏకైక ఆధారం.

ఖాతా మార్చినా మారని చోట్లు

గూగుల్ ఖాతాలో ఫోటో మారిస్తే జీమెయిల్, మీట్, ప్లే స్టోర్ వంటివన్నీ క్రమంగా కొత్తదాన్నే చూపిస్తాయి. యూట్యూబ్ ఛానెల్ సంగతి వేరు. 2021 నుంచి ఛానెల్ పేరునూ ఫోటోనూ ఖాతాతో సంబంధం లేకుండా విడిగా పెట్టుకునే వీలుంది. అందువల్ల వంటల ఛానెల్ నడిపే గృహిణి తన ఖాతా ఫోటో మార్చుకున్నా ఛానెల్‌కు పెట్టుకున్న గుర్తు చెక్కుచెదరదు. ఇది పొరపాటు కాదు, కోరి చేసిన ఏర్పాటు.

గూగుల్ ఖాతాతో ప్రవేశించే ఇతర వెబ్‌సైట్లలో పరిస్థితి మరో రకం. ఇల్లు అద్దెకు వెతుక్కునే యాప్‌లో గూగుల్ ద్వారా ప్రవేశిస్తే, ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే ప్రమాణం ప్రకారం పేరు, ఈమెయిల్, ఫోటో ఉన్న చిరునామా ఆ యాప్‌కు అందుతాయి. 2014లో ఖరారైన ఈ ప్రమాణంలో ఫోటో కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంది. అయితే అందుకున్నవారు ఆ ఫోటోను ప్రతి ప్రవేశంలోనూ తాజాగా చూపిస్తారా, మొదటి రోజునే నకలు తీసి తమ దగ్గర పెట్టుకుంటారా అన్నది వారి ఇష్టం. నకలు తీసుకున్నవారి దగ్గర, ఖాతా తెరిచిన రోజునాటి ముఖమే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దాన్ని మార్చాలంటే ఆ యాప్‌లోని ప్రొఫైల్ పేజీకే వెళ్లాలి. గూగుల్ ఖాతాలో ఎన్నిసార్లు మార్చినా అక్కడికి వార్త చేరదు.

ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలన్న కోరిక పాతదే. 2004లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ మొదలుపెట్టిన గ్రావతార్ ఆ ఆలోచన నుంచే పుట్టింది. ఈమెయిల్ చిరునామాను ఒక సంకేతంగా మార్చి, ఆ సంకేతానికి ఒక ఫోటోను జతచేసి, అడిగిన ప్రతి సైటుకూ దాన్నే అందించడం దాని పద్ధతి. 2007లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థ దాన్ని కొనుక్కుంది. ఆలోచన చక్కనిదైనా మనిషికి ఒకే ముఖం చాలదన్న సంగతి దాని పరిధిని కుదించింది. ఆఫీసులో ఒక ఫోటో, బంధువుల గ్రూపులో ఒక ఫోటో ఉంచుకోవాలనుకోవడంలో దాపరికమేమీ లేదు, పెళ్లికి ఒక చీర, ఆఫీసుకు ఒక చీర కట్టుకోవడం లాంటిదే అది. అందుకే అన్నిటినీ ఏకం చేసే సేవ కన్నా, ఏది దేనితో ముడిపడి ఉందో స్పష్టంగా చూపించే సెట్టింగ్స్ పేజీయే ఎక్కువ ఉపయోగకరం.

ఇక ఆఫీసు ఖాతాలు. ఇక్కడ ఫోటో మారకపోవడానికి చాలాసార్లు సాంకేతిక కారణమే ఉండదు. గూగుల్ వర్క్‌స్పేస్‌లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉద్యోగులు తమ ఫోటోను మార్చుకోవచ్చా లేదా అన్నది నిర్వాహకులు నిర్ణయించగలరు. కొన్ని సంస్థల్లో చేరిన రోజున గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటోయే మానవ వనరుల విభాగం రికార్డు నుంచి అన్ని సాఫ్ట్‌వేర్లకూ వెళ్తుంది. అలాంటిచోట ఉద్యోగి తన తెరపై మార్చినా, తర్వాతి సమన్వయంలో (సింక్‌లో) పాతదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రెండు రోజులకోసారి పాత ముఖం తిరిగి వస్తుంటే ల్యాప్‌టాప్‌ను అనుమానించడం మాని, ఐటీ విభాగాన్ని అడగడం మేలు. ఒకే ఫోటో ఒక సాఫ్ట్‌వేర్‌లో స్పష్టంగా, మరోదానిలో మసకగా కనిపించడానికి కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. ఉద్యోగుల ఖాతాల వివరాలను దాచే మైక్రోసాఫ్ట్ వారి పాత యాక్టివ్ డైరెక్టరీలో ఫోటో కోసం ఉన్న గడిలో 100 కిలోబైట్లకు మించి పట్టదు, అందులో 96 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, అంతే ఎత్తు ఉన్న చిన్న బొమ్మలు పెట్టడమే ఆనవాయితీ. ఎక్స్చేంజ్ మెయిల్ వ్యవస్థ 648 చుక్కల వెడల్పు, ఎత్తు ఉన్న ఫోటోను దాచగలదు. చిన్న గడి నుంచి తీసుకుని పెద్ద తెరపై సాగదీస్తే మసక తప్పదు.

విండోస్ కంప్యూటర్‌లోకి ప్రవేశించే తెరపై కనిపించే ఫోటో మరొక నకలు. అంతకుముందు పెట్టుకున్న ఫోటోలను కూడా విండోస్ ఒక ఫోల్డర్‌లో దాచి, మార్చేటప్పుడు చూపిస్తుంది. ఆఫీసుకు తిరిగి ఇచ్చే ల్యాప్‌టాప్‌లో సొంత ఫోటోలు మిగిలిపోకూడదనుకుంటే ఆ ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేయాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత ఫోను అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఖాతా నుంచి నిష్క్రమించి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసిన తర్వాతే చేతులు మార్చాలి. మరిచిపోయి అమ్మేసినా, గూగుల్ ఖాతాలోని భద్రతా విభాగంలో తన పరికరాల జాబితా చూసి దూరం నుంచే ఆ ఫోన్‌ను ఖాతా నుంచి తప్పించవచ్చు.

పావు అంగుళం వృత్తం

ఎలాంటి ఫోటో ఎంచుకోవాలన్న ప్రశ్నకు అభిరుచి కన్నా కొలతలే ముందు జవాబు చెబుతాయి. చతురస్రంలోంచి వృత్తాన్ని కత్తిరిస్తే వైశాల్యంలో 78.5 శాతమే మిగులుతుంది, నాలుగు మూలల్లో కలిపి 21.5 శాతం పోతుంది. ఆండ్రాయిడ్ జాబితాల్లో ఆ వృత్తం వెడల్పు దాదాపు పావు అంగుళం. బాసికాలు కట్టుకున్న వధూవరుల నిలువెత్తు ఫోటో గోడ మీద ఎంత అందంగా ఉన్నా, ఈ పావు అంగుళంలో ఒక్కో ముఖం ఆవగింజంత అవుతుంది. అన్ని తెరలపైనా ఒకేలా నిలిచేది మెడ నుంచి తల వరకు ఉన్న ఒక్క మనిషి ఫోటో, అదీ వెనుక గజిబిజి లేనిది. తలచుట్టూ కొంత ఖాళీ వదిలితే జడలోని పూలు, నుదుటి బొట్టు తెగిపోకుండా ఉంటాయి. ఐఫోన్‌లో 2017 నుంచి కెమెరా ఫోటోలు హెచ్‌ఈఐసీ అనే రూపంలో నిల్వ అవుతున్నాయి. కొన్ని పాత వెబ్‌సైట్లు వాటిని తీసుకోవు, అప్పుడు జేపెగ్‌గా మార్చి ఎక్కించాలి.

2022 ఆగస్టులో దేశమంతటా ఒకే ఫోటో పెట్టుకున్న సందర్భం ఒకటి వచ్చింది. ఆగస్టు 2 నుంచి 15 వరకు ప్రొఫైల్ ఫోటోగా జాతీయ జెండాను ఉంచాలని ప్రధాని పిలుపునిచ్చారు. మొదటి తేదీ తెలుగువారికి ఆత్మీయమైనదే, అది జెండా రూపకల్పనతో ముడిపడిన పింగళి వెంకయ్య జయంతి. భావన గొప్పదే. అయితే ముఖాలను బట్టి మనుషులను గుర్తుపట్టేవారికి ఆ పద్నాలుగు రోజులూ వాట్సాప్ జాబితాలో కనిపించినవి వరుసగా జెండాలే. ముఖచిత్రం మనిషి గుర్తింపులో భాగమని ఎక్స్ (పాత ట్విట్టర్) వంటి సంస్థలు కూడా భావిస్తాయి. నీలి టిక్కు ఉన్న ఖాతాలో ఫోటో మారిస్తే, పరిశీలన పూర్తయ్యేవరకు ఆ టిక్కు తాత్కాలికంగా కనిపించకుండా పోతుందన్నది వారి నియమం.

అంత జాగ్రత్త లేనిచోట ముఖాన్ని అరువు తెచ్చుకోవడం చాలా తేలిక. ఆధార్‌లోని ఫోటోను ఇంట్లో కూర్చుని మార్చుకోలేం. కేంద్రానికి స్వయంగా వెళితే అక్కడి సిబ్బంది తీస్తారు, ఆ ఫోటో ఫలానా మనిషిదేనని ఒక వ్యవస్థ పూచీ పడుతుంది. డీపీకి అలా పూచీ పడేవారు లేరు. పై అధికారి ఫోటోను డీపీగా పెట్టుకున్న కొత్త నంబరు నుంచి అత్యవసరంగా డబ్బు పంపమని ఆఫీసు సిబ్బందికి సందేశాలు రావడం తెలిసిన మోసమే. ఫోటో చూసి కాక, నంబరు చూసి, పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. ఒకరి గుర్తింపును అక్రమంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టంలోని 66సీ, వేరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసగించడం 66డీ సెక్షన్ల కింద నేరాలు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఊళ్లో అమ్మానాన్నల ఫోన్లు

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది, అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసినది ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల ఫోన్ల గురించి. బెంగళూరు నుంచి సెలవుకు వెళ్లిన పిల్లలు అమ్మకో నాన్నకో స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో దాచిపెట్టి వస్తారు. ఇంగ్లీషు చదవడం రాని తల్లికి ఆ అక్షరాలు గీతలే. ఆమె ఫోన్‌లో కొడుకును వెతికేది కొడుకు ముఖాన్ని బట్టి. ఎర్ర చొక్కా వేసుకున్న ఫోటో అంటే పెద్దవాడు, చెట్టు కింద నిలుచున్నది కూతురు. ఆమెకు ఆ ఫోటోయే పేరు. అలాంటప్పుడు కొడుకు తన డీపీలో ముఖం తీసేసి కొండలనో సూర్యాస్తమయాన్నో పెడితే, ఆమె జాబితాలో ఒక మనిషి మాయమైనట్టే.

పైగా ఆమె ఫోన్‌లో కొడుకు ముఖాలు రెండు ఉంటాయి. వాట్సాప్‌లో కనిపించేది కొడుకు పెట్టుకున్న డీపీ. వాట్సాప్ ఖాతా ఫోన్ నంబరుకు ముడిపడినది కాబట్టి, ప్రధాన ఫోన్‌తోపాటు జతచేసుకోగల నాలుగు పరికరాల్లో దేనిలోనైనా అదే ఫోటో. మామూలు ఫోన్ కాల్ వచ్చినప్పుడు తెరపై కనిపించేది మాత్రం ఆమె ఫోన్‌లోని కాంటాక్ట్‌కు ఎప్పుడో జతచేసిన ఫోటో. కొడుకు డీపీ మార్చినంత మాత్రాన ఇది మారదు. అందుకే వాట్సాప్ కాల్‌లో ఒక ముఖం, మామూలు కాల్‌లో మరో ముఖం కనిపించి పెద్దవాళ్లు తికమకపడతారు.

డీపీ అసలే కనిపించకపోతే తమను బ్లాక్ చేశారేమోనని నొచ్చుకునే బంధువులున్నారు. చాలాసార్లు కారణం అది కాదు. ప్రొఫైల్ ఫోటోను తన కాంటాక్ట్‌లు మాత్రమే చూడాలని పెట్టుకున్నవారి ఫోటో, వారి ఫోన్‌లో నంబరు దాచి ఉన్నవారికే కనిపిస్తుంది. అత్త తన ఫోన్‌లో అల్లుడి నంబరు దాచుకుంటే చాలదు, అల్లుడి ఫోన్‌లో అత్త నంబరు ఉండాలి. నాన్న సిమ్ మార్చినప్పుడు కొత్త నంబరును పిల్లలు దాచుకోకపోతే, పిల్లల ముఖాలు ఆయన ఫోన్‌లో ఒకేసారి బూడిదరంగు బొమ్మలవుతాయి. ఆయన ఫోన్ పాడైందనుకుంటారు. ఆయన ఫోన్‌లో లోపమేమీ ఉండదు.

మరో అలవాటు ఇంకా చిక్కులు తెస్తుంది. నాన్నకు విడిగా ఖాతా తెరవడం ఎందుకులే అని, కొడుకు తన జీమెయిల్‌తోనే ఆయన ఫోన్‌ను మొదలుపెడతాడు. అప్పటి నుంచి నాన్న ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచినా యూట్యూబ్ తెరిచినా పైన కనిపించేది కొడుకు ముఖం. ఎప్పుడైనా ఆయన ఆ వృత్తాన్ని తాకి, ఏదో నొక్కి, తన ఫోటో పెట్టేస్తే, మార్పు ఆ ఫోన్‌లో ఆగదు. కొడుకు తన సొంత ఖాతాతో చేరే మీట్ సమావేశాల్లో నాన్న ఫోటో కనిపిస్తుంది. ఇద్దరూ ఎవరి ఫోన్‌లో వారు మార్చుకుంటున్నామనుకుంటూ ఒకే ఖాతాను మార్చి మార్చి తిప్పుతుంటారు. ఫోటో చిన్న విషయం, దాని వెనుకే కాంటాక్ట్‌లు, గ్యాలరీ బ్యాకప్, వెతికిన మాటల చరిత్ర కూడా కలగలిసిపోతాయి. నాన్న పేరున ఒక ఖాతా తెరవడానికి పట్టే కొద్ది నిమిషాలను ఆదా చేసుకోవడం సరైన పొదుపు కాదు. ఆ ఖాతాకు ఆయన ఫోటోయే పెట్టి, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా ఉంచితే, తర్వాత ఫోన్ మారినా ఆయన కాంటాక్ట్‌లూ వాటికి జతచేసిన ముఖాలూ ఆయన వెంటే వస్తాయి.

ఖాతా విడదీశాక మిగిలేది చేత్తో చేయవలసిన పని. కాంటాక్ట్‌కు జతచేసిన ఫోటో అమ్మ దగ్గరున్న నకలు, దాన్ని బెంగళూరు నుంచి ఏ సర్వరూ మార్చలేదు. పండగకు ఊరికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్ తీసుకుని, ఒక్కొక్కరి కాంటాక్ట్ తెరిచి, పేరును తెలుగు అక్షరాల్లోకి మార్చి, ముఖం దగ్గరగా కనిపించే కొత్త ఫోటో జతచేయాలి. ఏ ఫోటో పెట్టాలో ఆమెనే అడగాలి. కూతురి ఫోటో పదేళ్ల కిందటిదైనా, ఆమె దాన్ని చూసే కూతురిని గుర్తుపడుతుంటే ఆ ఒక్కదాన్ని అలాగే ఉంచేయవచ్చు.